నేంద్రగడ్డికి నేటివిటీ సర్టిఫికెట్

చిక్కడపల్లి లైబ్రరీ పక్క గల్లీల, రెండో అంతస్తు మీద బీడు భూముల ఉద్ధరణ ప్రాజెక్టు ఆఫీసు. మేనేజరు వీరరాఘవరావు బల్ల మీద గొర్లకాపరి కురుమమ్మ మూట విప్పింది. పక్కన ఆమె మేనకోడలు నవనీత, అశోక్‌నగర్ హాస్టల్ల ఉండి గ్రూప్-2కు చదువుతున్న పిల్ల.

"సారూ, జర ఫ్యాను బంద్ చేయుండ్రి, గింజలన్నీ లేస్తున్నయ్!"

"ముందు మూట కట్టమ్మా! ఇవి గింజలా, దూదా? చాయ్‌ల గూడ పడ్డయ్."

"నేంద్రగడ్డి గింజలు సారూ. తోకలుంటయ్, అందుకే ఎగురుతయ్. ముందటేడు మా ఊర్ల మీటింగ్ పెట్టి మీరే అన్నరు గద, బీడు పచ్చగ గావాలంటే మన గడ్డి గింజలే చల్లాలె అని."

"అన్న. మీటింగ్‌ల అన్న. మీటింగ్‌ల అన్నవన్నీ మూటగట్టుకొని వస్తరా ఎవరన్న?"

"మా అత్త వస్తది సార్. అశోక్‌నగర్ నుంచి నెత్తి మీద పెట్టుకొని నడిచొచ్చింది. ఆటోవాళ్ళు గూడ ఎక్కించుకోలే."

"చూడు కురుమమ్మా, మేం గిట్ల తీసుకోం. మాకు రిజిస్టర్డ్ సప్లయర్ ఉన్నడు. ఆయన నేటివ్ గడ్డి విత్తనం తెప్పిస్తడు."

"ఏడికెల్లి?"

"ఏడికెల్లో... ఆస్ట్రేలియా అనుకుంట."

"అది ఆస్ట్రేలియాల నేటివ్ సార్, మన దగ్గర కాదు."

"సంచి మీద నేటివ్ అని రాసుంటదమ్మా! సర్టిఫికెట్ ఉంటది. మీ అత్త గడ్డికేముంది?"

"నేటివిటీ సర్టిఫికెట్ మాకే అడుగుతరనుకున్న సార్. గడ్డికి గూడనా?"

"మజాక్ చెయ్యకు. మొలక శాతమెంత, అది చెప్పుండ్రి."

"ఇప్పుడు చల్లితే ఒక్కటి గూడ మొలవదు సారూ."

"ఇగో! నేను చెప్తలేనా?"

"నిద్రల ఉంటయ్ గద. వానకాలం దాక దాస్తే అప్పుడు లేస్తయ్. గుప్పిట పట్టి దూస్తే వాటంతటవే రాలాలె. గుంజితే వచ్చేది పచ్చిది. సగం గడ్డికే ఇడువాలె. పేడ, ఎర్రమన్ను కలిపి ఉండలు చేస్తే గాలికి పోవు."

"ఎవరు నేర్పిన్రు? ట్రైనింగ్ అయ్యిందా?"

"మా అత్తమ్మ చేస్తుంటే చూసిన."

"అంటే ట్రైనింగ్ కాలే. రాసుకుంటున్న... సరే, శాంపిల్ కింద పెట్టుకుంట. ఫారం నింపాలె. పేరు కురుమమ్మ. గడ్డి నేంద్ర. సేకరించిన స్థలం?"

"మా ఊరి బీడు."

"ఏ బీడు?"

"గదే సారూ, మీరు బోర్డు పెట్టిన బీడు."

"గా బీట్లనా? గడ్డి పోచ గూడ లేదు గద! నా దగ్గర ఫోటోలున్నయ్!"

"గవి ముందటేడు ఫోటోలు. మీరు బోర్డు పెట్టి మళ్ళ రాలే. మేం పోయి బొందలగడ్డల, పీనుగులను పూడ్చేకాడ, గింజలు దూసుకొచ్చినం. ఆడికి గొర్లు పోవు, గడ్డి బతికున్నది. వానలకు చల్లినం. ఇప్పుడు నడుముల దాక ఉన్నది."

"నడుముల... నడుముల దాకనా? ఎవరికన్న చెప్పినవా?"

"ఏం సారూ, మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది, గదే పరేషాన్! శుక్రవారం ఢిల్లీ ఆఫీసోళ్ళు బీడు చూడనీకె వస్తున్నరు. బీడే లేకపోతే బీడు ఉద్ధరణ ఏడుంటది? నేనేడుంట? నీకు గొర్లెన్నమ్మా?"

"నూటిరవై."

"గురువారం లోపల తోలి మేపెయ్యరాదు? మొత్తం. నేల కనపడాలె."

"మేపుడేంది సారూ! గింజ రాలేదాక ఎవ్వరూ గొర్లను తోలొద్దని ఊరంత కట్టు పెట్టుకున్నం. ఆకలికి నా గొర్లు అరుస్తుంటే గూడ నేను తోల్లే."

"ఒక్క మూల! ఫోటోకు సరిపోయేంత!"

"సార్, మీది ఉద్ధరించే ఆఫీసే గద?"

"నువ్వు చదువుకున్న పిల్లవు, నువ్వన్న చెప్పు మీ అత్తకు. వాళ్ళు కారు దిగంగనే ఎండిన నేల కనపడకపోతే నా నౌకరి పోతది!"

"వాళ్ళు శుక్రవారం రారు సారూ. మొన్ననే వచ్చిపోయిన్రు. గడ్డిల గంటసేపు తిరిగిన్రు. పక్క ఊర్లకు గూడ నన్నే నేర్పమన్నరు, ముందుగాల మీ సారును తోల్కపోయి నేర్పు అన్నరు. లేవుండ్రి సారూ, రెండింటి బస్సు దొరుకుతది. నాలుగు దినాలైతే గింజంత రాలిపోతది."