ఆపమన్నది నేనే

"అమ్మమ్మగారూ, ఒకటి అడగనా? సలోమి ఆంటీ మెట్లెక్కేటప్పుడు కుడికాలు అసలు వంచరెందుకు?"

అడుగు బిడ్డ, అడుగుడుకేమున్నది. ఆ ఫోను గీడ పీట మీద పెట్టు. నా గొంతు బొంగురువోయింది, వినపడ్తదా మరి? సరే. నువ్వు మా పైన రూములకొచ్చి ఆరేడు నెలలాయె, రోజు చూస్తనే ఉన్నవ్, ఇన్నొద్దులు అడగలే. కాకినాడ దిక్కు పిల్లవు, గారూ గారూ అనుకుంట నోట్లనే దాసుకున్నవ్. నువ్వు చదివేది గా ఫిజియోథెరపీనే ఆయె, నీకు చూస్తెనే తెలిసుంటది, గది పుట్టుకతోని వచ్చింది కాదని. గీ లాలాపేట్ల సగం మంది పోలియో అనుకుంటరు. అనుకోని. మోకాలు చిప్ప పలిగింది బిడ్డ. ఖోఖో ఆడుకుంట.

నా కడుపున పుట్టిందని చెప్తలేను, అది ఉరుకుతుంటె మనిషి ఆగి చూడాలె అనేటోళ్ళు అందరు. అనేటోళ్ళు అంటున్న చూడు, నేను చూడలే. గది కూడ చెప్త. అప్పటికి డిగ్రీ రెండో ఏడు. పందొమ్మిదేండ్లు... కాదు, ఇరవై నిండినయి, ఆ ఏడే మా అత్తమ్మ పోయింది. వాళ్ళ నాయిన, దేవదాసు, యూనివర్సిటీ గ్రౌండ్ల పని చేసేటోడు. గడ్డి కోసుడు, సున్నంతోని గీతలు గీసుడు, ఖోఖోకు రెండు దిక్కుల కట్టెలు పాతుడు. పోలంటరు దాన్ని, నడుం ఎత్తుంటది. మేము భువనగిరి దిక్కు ఊరి నుంచి పెండ్లైనంక వచ్చినం. ముందుగాల వారాసిగూడల ఒక్క అర్ర, పిల్ల పుట్టినంక గీ లాలాపేట్. నేను క్యాంపస్ లోపట లేడీస్ హాస్టల్ మెస్సుల కూరగాయలు తరిగేదాన్ని. తార్నాక చౌరస్తల ఇడ్లీ ప్లేటు మూడు రూపాయలుండె అప్పుడు, నలుగురం పోతె రెండు ప్లేట్లు తెచ్చుకొని పంచుకునేది. ఏం చెప్తున్న? ఆ, పిల్ల.

పొద్దుగూకే యాళ్లకు తండ్రి బిడ్డ కలిసి నడ్సుకుంట వచ్చేటోళ్ళు. ఆయన కాళ్ళకు సున్నం, దాని కాళ్ళకు ఎర్రమన్ను. ఇంటికొచ్చినంక కూడ గదే ముచ్చట. ఎవరెట్ల తప్పించుకున్నరు, ఇది ఎవరిని ఎట్ల ముట్టింది, అన్నం తినుకుంట చేతులు తిప్పుకుంట చెప్పేటోళ్ళు ఇద్దరు. నాకు భయమైతుండె. కాలో చెయ్యో ఇరిగితె ఎట్ల అని నేననుడు, ఆయన నవ్వుడు. "శాంతమ్మా, ఒక్కసారి వచ్చి చూడు, తర్వాత నువ్వే వద్దనవు" అనేటోడు. మెస్సు నుంచి గ్రౌండుకు ఎంత దూరం, నా చీర కొంగు ఆరేలోపట పోయి రావచ్చు. పోకపోతి.

ఇంకొకటి. ఆయన ఆ కట్టెను గరుకు కాయితం పెట్టి రుద్దేటోడు, నున్నగ. ఆటల ఉరికొచ్చి కట్టె పట్టుకొని గిర్రున తిరగాలె గదా. పేళ్ళు లేస్తె పిల్ల అరచేతుల గుచ్చుకుంటయని. సర్కారు పని, ఎవరు అడుగుతరు? ఎవరడగకున్నా ఆదివారం చర్చి నుంచి వచ్చినంక కూడ పోయి రుద్ది వచ్చేటోడు.

యూనివర్సిటీ టీముకు సెలక్షన్లున్న రోజు అది. ముందు రోజు వానవడ్డది. నేల ఆరలే. ఇది ఉరికొచ్చి కట్టె పట్టుకొని తిరగవోయిందంట, జారింది, మోకాలు పోయి నేరుగ కట్టెకు కొట్టుకున్నది. నేను బీరకాయలు చెక్కు తీస్తున్న. హాస్టల్ పిల్ల ఒకతి ఉరికొచ్చి చెప్పింది. నేను పోయేసరికి ఆయన పిల్లను చేతుల మీద ఎత్తుకొని ఆటో దిక్కు వస్తుండె. గప్పుడే నేను ఆ గ్రౌండు మొదటిసారి చూసుడు.

చిప్ప మూడు ముక్కలైందన్నరు. ఆపరేషన్ చేసి లోపట తీగలు పెట్టి కట్టిన్రు. ఆరు వారాలు సిమెంటు పట్టి. ఆ ఆరు వారాలు పిల్ల మంచిగనే ఉండె, ఏం ఫికర్ చెయ్యలే. టీముల పిల్లలొచ్చేటోళ్ళు, పట్టి మీద పేర్లు రాసేటోళ్ళు. వచ్చే ఏడు సెలక్షన్లు మళ్ళుంటయి గదా అనేది. పట్టి ఇప్పినంక చూస్తిమి, తొడ సగమైంది. సన్నగ, నా చెయ్యంత. ఇగ కసరత్తు మొదలు పెట్టాలె అన్నరు, కాలు వంచుడు. తార్నాకల ఒక డాక్టరమ్మ, నువ్వు చదివే చదువే, ఇంటి కింద అర్రల కసరత్తు చేపిచ్చేది. బక్కగుండేది, మాట మెత్తగ, చేతులు మాత్రం గట్టివి. మొదలు నాలుగు రోజులు ఆయనే తీస్కపోయిండు. ఇగ సెలవులైపోయినయి, అయిదో రోజు నేను పోయిన.

ఆ రోజు చెప్పాలె నీకు. పిల్లను బల్ల మీద బోర్ల పండవెట్టింది. ఒక చెయ్యి తొడ మీద, ఒక చెయ్యి మడమ దగ్గర. మెల్లగనే వంచింది బిడ్డ, అబద్ధం చెప్పొద్దు, మెల్లగనే. పిల్ల అరిచింది. నేను అసుంటి అరుపు దాని పుట్టుకప్పుడు నా నోట్ల నుంచి విన్న, మళ్ళ గిప్పుడు విన్న. డాక్టరమ్మ నన్ను బయట కూసోమన్నది. నేను పోలే. మళ్ళ వంచింది. పిల్ల తల తిప్పి నా దిక్కు చూసి అమ్మా అన్నది. నేను పోయి ఆమె చెయ్యి పట్టుకొని గుంజేసిన.

"ఆపు. ఇగ సాలు."

ఆమె చెయ్యి తీసింది. కోపం చెయ్యలే. "ఇప్పుడు నొప్పికి భయపడి వదిలేస్తే తర్వాత వంగదమ్మా. ఈ నెలరోజులే దానికి టైం. రేపు తప్పకుండా తీసుకురండి" అన్నది. నేను తీస్కపోలే. రేపు పోలే, ఎల్లుండి పోలే. ఇంట్లనే నూనె రాసిన, ఉడుకుడుకు బట్ట పెట్టిన, కాలు చాపి మెత్త మీద పెట్టి, లేవకు బిడ్డ, కదలకు బిడ్డ అని అన్నం కూడ నోటికి పెట్టిన. ప్రార్థన చేసిన. నాకు గదే ప్రేమ అనిపించింది. పిల్ల కూడ ఏమనలే. దానికి నొప్పి లేకుండైంది, నాకు దాని అరుపు లేకుండైంది. ఇద్దరం సుఖంగ కూసున్నం.

ఆయనకు నాలుగైదొద్దులకు తెలిసింది. ఎందుకు తీస్కపోతలేవు అంటె నేనేదో చెప్పిన. ఆయన కాళ్ళు కడుక్కొని వచ్చి మంచం మీద పిల్ల పక్కన కూసున్నడు. డాక్టరమ్మ చేస్తుంటె చూసిండు గదా, గట్లనే ఒక చెయ్యి ఈడ, ఒక చెయ్యి ఆడ పెట్టిండు. జర ఓర్చుకో బిడ్డ అన్నడు. అది మూలిగింది. గంతే, ఇంకేం కాలే. నాకేమైందో తెల్వది. నేను పొయ్యి కాడి నుంచి లేచి వచ్చి అన్న, గిదే మాట అన్న:

"ఆ కట్టెను నున్నగ రుద్ది రుద్ది పిల్ల కాలు ఇరగ్గొట్టినవ్. ఇప్పుడు మళ్ళ ఇరగ్గొట్టనీకి వచ్చినవా?"

కట్టె నున్నగనే ఉండాలెనంట బిడ్డ. ఆట రూలే గట్లంట. ఆ వాన బురదకు జారింది గని కట్టెకు జారలే. వాళ్ళ ఆట నేర్పే సార్ వచ్చి నాకు చెప్పిండు కూడ. నాకు తెలిసే అన్న.  ఆయన చేతులు తీసుకున్నడు. ఆ చేతుల దిక్కు చూసుకున్నడు జరసేపు. పిల్ల గోడ దిక్కు తిరిగింది. ఇగ ఆయన మళ్ళ ఎన్నడు దాని కాలు ముట్టలే. ఇంట్ల వంచు అనేటోడు ఒక్కడుండె, ఆయన నోరు నేను మూసిన.

తర్వాత నెలకేనేమో, ఆఫీసుల అడిగి గ్రౌండు పని మార్పించుకున్నడు. వేరే డిపార్ట్‌మెంట్ కాడ చెట్లకు నీళ్ళు పట్టే పని ఇచ్చిన్రు. రిటైరయ్యేదాక గదే చేసిండు. ఇంట్ల ఇగ ఆట ముచ్చట లేదు. అన్నం తినుడు, రేడియో పెట్టుకునుడు.

మూడు నెలలకు పెద్ద దవఖానకు తీస్కపోతె డాక్టరు చూసి, జాం అయిపోయింది, ఇన్నొద్దులు ఏం చేసిన్రు అన్నడు.  మళ్ళ ఆ తార్నాక డాక్టరమ్మ కాడికే పోయినం, ఏ మొఖం పెట్టుకొని పోయిననో నాకే తెల్వది. నేను చెప్పిన గదా అని ఒక్క మాట అనలే ఆమె. అయిదు నెలలు కష్టపడ్డది పాపం. ఇగో, నా మోచెయ్యి చూడు, గింత, జరంతనే వంగింది. గంతకన్న కాలే. సెలక్షన్లు వచ్చినయి పోయినయి. దాని తోటి ఆడిన పిల్లకు ఒకామెకు ఆట మీదనే రైల్వేల నౌకరి వచ్చింది. స్వీట్లు పట్టుకొని ఇంటికొస్తె మా సలోమి ఎదురు పోయి తీసుకున్నది, నవ్వుకుంట మాట్లాడింది. ఆమె పోయినంక స్వీటు నాకిచ్చి, తిను అమ్మా అన్నది.

డిగ్రీ అయిపోగొట్టింది. టైపు నేర్చుకొని తార్నాకల జిరాక్సు షాపుల కూసున్నది, గిప్పుడు గా షాపు అదే నడిపిస్తున్నది. పెండ్లి వద్దన్నది, నేను బలవంతం చెయ్యలే. కింద కూసోరాదు దానికి. చర్చిల అందరు మోకాళ్ళ మీద ఉంటె ఇది ఎనక నిలబడ్తది. బస్సుల కాలు చాపి కూసుంటది, ఎవరన్న కసురుకుంటె సారీ అంటది. క్యాంపస్ లోపటికెళ్ళి పోయే బస్సైతె గ్రౌండు కనపడే దిక్కు కూసోదు, అవతలి దిక్కు కూసుంటది. నేను చూసిన. దగ్గర దగ్గర ముప్పై ఏండ్లకెళ్ళి చూస్తున్న. నన్ను ఒక్కమాట అనలే. అంటె బాగుండు అనిపించేది నాకు.

ఆయన పోయి ఎనిమిదేండ్లు. కిడ్నీలు ఖరాబై పోయిండు. దవఖానల పక్కనే కూసున్న పదిరోజులు, నీళ్ళు తాపిన, కాళ్ళు ఒత్తిన, ఆ మాట ఒక్కటి చెప్పలే. అప్పుడు తప్పు మాటన్న దేవదాసూ అని. నోటిదాక వచ్చేది. నర్సమ్మ వచ్చేది, ఇంకెవరో వచ్చేటోళ్ళు. రేపు చెప్తలే అనుకున్న.

ఇగ పోయిన ఏడు నా మోకాలుది నీకు తెలుసు గదా, మార్పిడి ఆపరేషన్. నువ్వు రాకముందు. అప్పుడొక ఫిజియో మేడం ఇంటికే వచ్చేది. రెండోనాడు వంచింది. బిడ్డ, పానం పోయింది. నేను అరిచిన, ఆపు తల్లీ, ఆపు అన్న. ఆ మేడం ఆగింది. సలోమి అక్కడ నిలబడ్డది, నా తలకాడ. అది వచ్చి నా భుజాలు పట్టుకున్నది.

"ఆపకండి మేడం" అన్నది.

నేను తిట్టిన. ఏడ్చిన. అది పట్టు ఇడవలే. దాని కండ్ల నీళ్ళు నా మొఖం మీద పడుతున్నయి, అది మాత్రం ఆపకండి, ఆపకండి అంటున్నది. రోజు గట్లనే, నెలన్నర. షాపు బందువెట్టి వచ్చేది ఆ టైముకు.

ఒకనాడు మేడం పోయినంక అడిగేసిన. ఆనాడు నేను గిట్ల నిలబడితె నీ కాలు వచ్చేది గదా బిడ్డ అన్న. అది నా కాలు కింద మంచుగడ్డల సంచి పెడుతుండె. 

"వచ్చేది" అన్నది. "కానీ అమ్మా, నీ దిక్కు చూసింది నేను. నువ్వు ఆపితే బాగుండనే చూసిన. నువ్వు ఆపినవ్. ఇగ నిన్నేమనాలె?" మళ్ళ, "నాయిననన్న మాటకే నాకు బాధ. ఆ మాట తర్వాత నేనే అడగాల్సింది, నాయినా వంచు అని. నేను గోడ దిక్కు తిరిగిన."

చూడు బిడ్డ, ఇన్నేండ్లు అదొక్కతి ఒక మూల, నేనొక్కదాన్ని ఒక మూల, గదే మోసినం.

జర నీళ్ళిస్తవా... ఆ, సాలు.

నా కాలు ఇప్పుడు మంచిగ వంగుతది. డెబ్బై దాటినదాన్ని, చర్చిల మోకరిస్త. మొన్న ఈస్టర్ ముందు ఆయన సమాధి కాడికి పోయినం ఇద్దరం. గడ్డి పెరిగింది. నేను మోకాళ్ళ మీద కూసొని గడ్డి పీకిన, పీకుకుంటనే ఆయనకు చెప్పిన, అంత చెప్పిన. సలోమి పక్కన నిలబడి నాకు నీడ పట్టింది. కూసుందామనుకున్నది, కాలు చూసుకున్నది, నిలబడే ఉన్నది.

చదువుకో బిడ్డ. మంచిగ చదువుకో. నా అసుంటి తల్లులు వస్తరు నీ కాడికి, చెయ్యి పట్టి గుంజుతరు. తిట్టకు వాళ్ళను. వాళ్ళ మాట మాత్రం వినకు. నీ చేతులు సల్లగుండాలె...