వావిలాకులో రెండో చుక్క

1992 జులై తొమ్మిదవ తేదీ పూర్వాహ్నం డాక్టర్ నాగలత గారు కర్నూలు పక్కన కల్లూరులోని మన ఔషధ మొక్కల పరిశోధన కేంద్రంలో విధుల్లో చేరారు. అదే రోజు అపరాహ్నం నేనూ చేరాను. బద్వేలు నుంచి నేనెక్కిన బస్సు దారిలో మొరాయించకపోయి ఉంటే ఇద్దరం సమానులమయ్యేవాళ్లం. ఆ ఒక్క పూట తేడాతో వారు నాకు సర్వీసంతా సీనియర్ అయ్యారు. పదవీ విరమణ అభినందన వ్యాసంలో అసూయకు తావుండరాదని పెద్దలంటారు. ఆ పెద్దలెవరూ నాగలత గారి పక్క బల్ల దగ్గర పనిచేసినవారు కారు.

మొక్కల సేకరణతో ఆరంభమై, వాటిలో వాపును హరించే పదార్థాలను వేరుచేయడం వరకు సాగిన వారి కృషి అనన్యసామాన్యం. బాలింతలకు వావిలాకు నీళ్లు పోసే మన సీమ ఆచారంలోని మహిమ ఏమిటో తేల్చాలని మేమిద్దరమూ ఒకే ఏడు పూనుకున్నాం. కర్నూలులో ఎండకేం కరువని నేను ఆకును మిద్దెపై పరిచాను.

"ఎండకేస్తే సత్తువ పోతాది తిమ్మయ్యా. నీడకెయ్యప్పా" అన్నారు వారు.

పోటీలో ఉన్న మనిషి మేలు చెబుతుందా అనుకున్నాను. వారికి పసుపుపచ్చని స్ఫటికాలు దక్కాయి, నాకు ఆకుపచ్చ జిగురు మిగిలింది. వారి పేరు విదేశీ పరిశోధనా పత్రికలో వ్యాసం తలపై వచ్చింది, నా పేరు అదే వ్యాసం చివర కృతజ్ఞతల్లో వచ్చింది. కడుపు మండింది, దాచేదేముంది.

ఒకసారి నందికొట్కూరు దగ్గర కాలువ గట్టున ఆకు కోస్తుండగా వారి చీలమండ బెణికి బూరెలా ఉబ్బింది. ఆసుపత్రికి పోదామంటే వింటేగా.

"ఇన్నాళ్లూ ఎలకల కాళ్ల వాపులే కొలుస్తాంటిమి. ఈ పొద్దు నా కాలు ఉండాది. టేపు తియ్యప్పా" అని నవ్వారు.

వావిలాకు కాపడం పెట్టించుకుని, పూటపూటకూ నాచేతే వాపు కొలిపించారు. వాపు దిగింది. అవే గట్లమీద అన్నేళ్లు తిరిగినా నా కాలు ఒక్కనాడూ బెణకలేదు. దేనికైనా రాసిపెట్టి ఉండాలి.

గత వారం బాధ్యతలు అప్పగిస్తూ వారు నన్ను పిలిచి, నీలి దీపం కింద, వావిలాకు సారంలోని పదార్థాలు చుక్కలుగా విడిపోయిన పలకను చూపారు. వారు స్ఫటికాలుగా తీసిన పదార్థపు చుక్క కింద మరో చుక్క సన్నగా మెరుస్తోంది.

"ఇది మొదటి ఏడే కనపడింది. వాపు మీద ఇదీ పని చేస్తాదని నా నమ్మకం. నేను ముట్టలే, నీకని ఇడిసిపెట్టినా."

"నాకెందుకు మేడం?"

"ఇద్దరమూ ఒకే పొద్దు చేరితిమి గదప్పా. అంతా నేనే తీసుకుంటే ఎట్లా?"

ఒకే పొద్దంట! ఆ పూట తేడాను ఇన్నేళ్లూ మోసింది నేనొక్కడినే. ఇంతటి మనసు కూడా వారికే ఉండాలా అని ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

నాకింకా రెండేళ్ల సర్వీసుంది. ఈసారి ఆకు వరండా నీడలోనే ఆరుతోంది. శ్రీమతి నాగలత గారు కీళ్లనొప్పులెరుగక, కంటిచూపు తగ్గక, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. రెండో చుక్క నా చేతిలో స్ఫటికమైన రోజున వారు వచ్చి చూడాలి. చూసి, ఒక్క పూటైనా నన్ను చూసి కుళ్లుకోవాలి.