మొదటి కొలత

ప్రొద్దుటూరు బజారులో వెంకటరమణమ్మ నడిపే లోదుస్తుల అంగడి. తెర వెనక పద్నాలుగేళ్ళ హెప్సిబా. ఆమె చేతిలోని ఫోన్‌లో, కువైట్‌లో ఇంటిపని చేసే వాళ్ళమ్మ నరసమ్మ.

"వేసుకుంటివా హెప్సీ?"

"వేసుకున్నా మా. పైన డ్రెస్సు గూడా వేసుకున్నా."

"పక్కన ఎవరన్నా ఉండారా?"

"అంగడామె తెర అవతల ఉండాది. నాయన బయట బండి మీదనే కూచున్నాడు. లోపలికి రమ్మంటే ఈ పక్కకు తిరిగి గూడా చూడ్లే."

"ఆయప్ప అంతేలే, సిగ్గు. సరే, నేను చెప్పినట్ల చెయ్. కింద పట్టీలో రెండు వేళ్ళు దూరతాండాయా?"

"దూరతాండాయి."

"మూడు?"

"మూడు పట్టవు."

"అట్లే ఉండాల. చేతులు పైకెత్తు. పట్టీ పైకి జరుగుతాందా?"

"లేదు మా."

"భుజాల మీద కోస్తాందా? జారతాందా?"

"ఏం లేదు మా. బాగనే ఉండాది."

"బాగనే అంటే కాదు, సరిగ్గా చూడు. ఎదిగే పిల్లవని యూనిఫాం మాదిరి ఒక సైజు పెద్దది తీసుకోవద్దు. కొత్తప్పుడు చివరి హుక్కుకు తగిలించు, సాగినాక లోపలికి జరుపుకుందువు."

"ఇదంతా నీకెట్ల తెలుసు మా?"

"తెలుసులే."

"చెప్పు మా."

"ఈడ... మా మేడం కూతురు ఉండాది గదా. ఆ పాపను అంగడికి పిల్చుకపోయినా. ఆడ చెప్తాంటే విన్నా."

"ఆ పాపకు నువ్వే చూసి ఇప్పిచ్చినావా?"

"మేడంకు తీరదు హెప్సీ. పని గదా..."

"ఊఁ."

"ఏంది ఊఁ?"

"ఏం లేదు మా."

"కోపమొచ్చిందా? నువ్వు పెద్దమనిషైనప్పుడు గూడా నేను లేకపోతి. ఇదొక్కటన్నా నా చేతి మీదుగా జరగాలని, బాత్రూంలో కూచోని మాట్లాడతాండా."

"జరుగుతాంది గదా మా. నువ్వే చెప్తాండావు గదా."

"ఉండు ఉండు, మేడం పిలుస్తాంది. ఫోన్ పెట్టేయొద్దు, వస్తా."

"ఏం తల్లీ, తెర వెనక ఇంకా కాలేదా? పోయినేడు మీ క్లాసు పిల్ల ఫరహత్ వాళ్ళమ్మ పిల్చుకొచ్చినప్పుడు చిటికెలో అయిపాయె. ఒక సైజు పెరిగినావు, అంతే గదా."

"మెల్లిగక్కా! మా అమ్మకు తెల్దు."

"ఏంది తెల్దు?"

"పోయినేడే తీసుకున్నానని. ఇదే మొదటిదని అనుకుంటాంది. అనుకోనీక్కా."

"అయ్యో తల్లీ... అప్పుడే చెప్పుండొచ్చు గదా?"

"చెప్పాలనే ఫోన్ చేసినా. ఎత్తలే. పనిలో ఉన్నట్లుంది. ఆటల పీరియడ్‌కు పోకుండా నేను దాంకుంటాంటే ఫరహత్ పోయి వాళ్ళమ్మకు చెప్పింది. ఆ తర్వాత మా అమ్మకు చెప్పాలంటే నోరు రాలేదక్కా."

"హెప్సీ."

"మా! ఎప్పుడొస్తివి?"

"ఇప్పుడే. ఏమంటాండాది అంగడామె?"

"ఏం లేదు మా. మొదటిసారి గదా, నిదానంగా చూసుకోమంటాండాది."

"అవును. నిదానంగా చూసుకో. ఇంకోసారి చేతులెత్తు."

"ఎత్తినా మా. సరిపోయింది."

"సరిపోయిందా?"

"సరిపోయింది మా. నువ్వు చెప్పినట్లే."

"అట్లయితే తీసుకో. నాయన ఎదురుచూస్తాంటాడు, పో."

"సరే మా. పెట్టేస్తా."

"హెప్సీ... ఇంటికి పోతా పోతా ఫరహత్ వాళ్ళమ్మకు నేను సలాం చెప్పినానని చెప్పు."