ఎడమకి వాలిన గీత

మధ్యాహ్నం మూడుంబావు. వాన పొద్దుటినుంచి ఒకే తీరుగా పడుతోంది.

వార్డు ఆఫీసు సిబ్బందిలో ఆమె ఒక్కతే వచ్చింది. రెండింటికి ఫోనులో వార్డు గ్రూపుకి కబురు పంపింది. చెరువు గేట్లు అయిదింటికి ఎత్తుతారు. నాలుగు దాటాక కాలవ మీది చిన్న వంతెన ఎవరూ ఎక్కవద్దు, పై రోడ్డున తిరిగి రండి. గట్టు వీధివాళ్ళు అందరూ బడి మేడకి చేరండి. నూట నలభై ఇళ్ళు. నూట ముప్ఫై ఒక్క బొటనవేళ్ళు వచ్చాయి, చూశామని.

పోయినేడు ఆ వంతెన మీదే ఒక స్కూటరు కొట్టుకుపోయింది. మనిషిని పట్టుకోగలిగారు. అప్పట్నుంచి వాన గట్టిగా పడితే ఆమె పదేపదే ఫోను తీసి చూస్తుంది. పెద్దమ్మాయి కాలేజీ నుంచి నాలుగింటికి బయల్దేరుతుంది. ఆయన ప్రెస్సు నుంచి నాలుగున్నరకి. ఇద్దరిదీ వంతెన దారే. వాళ్ళకి తెలిసే ఉంటుందిలే అనుకుంది.

ఎదుటి బల్ల మీద టైలరు బాబాయి కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. తన వీధిలో దీపం వెలగడం లేదని చెప్పడానికి వచ్చి వానకి చిక్కుకున్నాడు.

"బొటనవేళ్ళు లెక్కపెడుతున్నావా అమ్మాయ్? పెట్టు, పెట్టు. నాకేం తొందర లేదు, ఈ వానలో నన్నెవరు రమ్మంటారు గనక. ఎన్నన్నావ్? నూట ముప్ఫై ఒకటా? ఫరవాలేదే. అయినా ఒక మాట అడుగుతాను, కోప్పడకు. వేలు పెట్టినవాడు చదివే పెట్టాడంటావా? మా కోడలు వంటింట్లో నుంచే నా ఫోనుకి కూడా వేలు నొక్కేస్తుంది. 'ఏం వచ్చిందే' అంటే 'ఏమో మావయ్యా, ఆఫీసు వాళ్ళదేదో' అంటుంది. అంతే. నిన్ననడం లేదమ్మా. నీ పని నువ్వు బాగానే చేస్తున్నావ్. గంట పిన్ని ఉంటే ఏమనేదో అని గుర్తొచ్చింది, అంతే. నీకు తెలీదు, నువ్వప్పటికి పుట్టలేదు. నీ కుర్చీ ఉంది చూశావా, అదే చోట ఆవిడ స్టూలు ఉండేది. కుర్చీ ఇస్తామన్నా కూర్చునేది కాదు. 'కుర్చీలో కూర్చుంటే కాళ్ళకి బద్ధకం నేర్పినట్టే' అనేది. మనిషి ఎంత ఉంటుందనుకున్నావ్, ఇదిగో, నా భుజానికి రాదు. గొంతు మాత్రం మూడు వీధులకి సరిపోయేది. చేతిలో ఇత్తడి గంట, కొంగున సుద్దముక్క. ఎడంచేతి వాటం. అది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఆవిడ ఉద్యోగం నీ ఉద్యోగమే. నీళ్ళు రావంటే, టీకాలంటే, ఫలానా రోజు మురిక్కాలవ తీస్తారు మీ సామాన్లు జరుపుకోండి అంటే, ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. మూడు వీధులు, నూట పది గడపలు. వేరేవాళ్ళయితే వీధి మొగలో నిలబడి నాలుగు కేకలేసి పోయేవాళ్ళు. ఈవిడ అలా కాదుగా. తలుపు కొట్టి, మనిషి బయటికొచ్చాక చెప్పి, అప్పుడు నడుం మీద చెయ్యేసుకుని, 'నేను చెప్పింది నాకు తెలుసు. నువ్వు విన్నది చెప్పు' అనేది. అప్పజెప్పాలి! తప్పు లేకుండా చెబితే తలుపు మీద సుద్దతో ఒక గీత. ఆ గీత పడితే ఆ ఇంటి పని అయినట్టు. పలకని గడపలుంటే మళ్ళీ రెండో తిరుగుడు. గీత లేని తలుపు ఒక్కటున్నా ఆవిడ ఇంటికి పోదు. మూల ఇంట్లో హెడ్మాస్టరు ఉండేవాడు, రిటైరయ్యాడు, మీసం ఇంతుండేది. 'ముప్ఫై రెండేళ్ళు పాఠాలు ఒప్పజెప్పించుకున్నాను, నాచేత ఒప్పజెప్పిస్తావుటే?' అన్నాడు. 'చెప్పండి మాస్టారూ, తప్పు పోతే బెంచీ ఎక్కిస్తాను' అంది. వీధంతా నవ్వు. చెప్పాడు పాపం! అదీ తప్పు చెప్పాడు. కుక్కలకి టీకాలు మంగళవారం, పిల్లలకి గురువారం అయితే, ఈయన అటుదిటు చేశాడు. 'అయితే మంగళవారం మనవణ్ణి గొలుసేసి తీసుకురండి' అని రెండోసారి చెప్పించింది. ఆయన మీసం ఆ పూటంతా కిందికే ఉంది. నవ్వుతావేం, నిజమే చెబుతున్నా.

ఇంట్లో మాత్రం నోరు విప్పేది కాదుట. వీధుల్లో అంత వాగి ఇంటికెళ్ళేసరికి గొంతు పోయేది. మొగుడు మిల్లులో రాత్రి కాపలా. పగలు పడుకునేవాడు. పెళ్ళాం గంట మోతకి మెలకువొస్తుందని చెవుల్లో దూది కుక్కుకుని మరీ పడుకునేవాడు. మేం ఏడిపించేవాళ్ళం, 'ఏం బాబాయ్, ఊరందరికీ పిన్ని మాట, నీకు మాత్రం దూదా' అని. 'మీరు పగలు వినాలి, నేను పగలు పడుకోవాలి' అనేవాడు. మంచివాడు. ఇక్కడే, ఈ ఆఫీసు వెనక, కాలవ వైపు సందులో ఉండేవాళ్ళు. ఇప్పుడా సందు లేదులే. నీళ్ళ ట్యాంకు కట్టారు.

ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, గీత. రోజూ ఒప్పజెప్పడమంటే ఎవరికి ఓపిక ఉంటుంది చెప్పు. చేతిలో పని, పొయ్యి మీద కూర, ఈవిడేమో గడపలో నిలబడి 'విన్నది చెప్పు' అంటుంది. మొదట ఎవరు కనిపెట్టారో తెలీదు గానీ... ఎవరో ఏమిటి, నేనే. ఈ వయసులో దాపరికం దేనికి. ఏం చేశానంటే, మొదటిసారి వచ్చినప్పుడు తలుపు తియ్యొద్దు. ఆవిడ పక్క వీధికి పోగానే మనమే సుద్దతో గీత గీసేసుకోవడం. రెండో తిరుగుడులో వచ్చి చూస్తుంది, గీత ఉంది, పోతుంది. నూట పది తలుపుల్లో ఏది పలికిందో ఏది పలకలేదో ఎవరికి గుర్తుంటుంది? టైలరు కొట్టు కదా, సుద్దకి కొదవేముంది! మా ఆవిడకి నేనే నేర్పాను. 'ఇదిగో ఇలా గియ్యి, పీడా పోతుంది' అని. రెండు నెలల్లో వీధిలో సగం మంది నేర్చుకున్నారు. నా కొట్టుకొచ్చి సుద్దముక్కలు అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. నేనేదో గొప్ప పని చేసినట్టు మీసం తిప్పుకునేవాణ్ణి. నాకప్పుడు మీసమూ ఉండేది, పొగరూ ఉండేది.

ఇలాంటి వానే. మూడు రోజులు. చెరువు నిండింది, గేట్లు ఎత్తుతున్నారు, కాలవ గట్టు దిగువన ఉన్నవాళ్ళంతా నాలుగు లోపల బడి మేడ ఎక్కాలి అని కబురు. పిన్ని గంట పట్టుకుని బయల్దేరింది. నా కొట్టు పైన, పెద్ద రోడ్డు మీద. అక్కడికీ వచ్చింది. చెప్పాను, తప్పు లేకుండా ఒప్పజెప్పాను. కొట్టు తలుపు మీద గీత పెట్టింది. ఇంటి దగ్గర మా ఆవిడకీ చెప్పే ఉంటుందిలే అనుకున్నాను. ఇంటికి ఎవరు పోతారీ వానలో, తనే పిల్లనెత్తుకుని బడికి పోతుంది, నేనూ అక్కడికే పోతాను అనుకున్నాను. కుట్టుపని ముగించుకుని తీరిగ్గా మూడున్నరకి బడికి పోయాను. మా ఆవిడ లేదు.

మా పెద్దదానికి అప్పుడు ఎనిమిది నెలలు. రెండ్రోజులుగా జ్వరం. రాత్రంతా ఏడ్చి ఏడ్చి అప్పుడే కళ్ళు మూసిందిట. గంట వినబడింది. తలుపు తీస్తే పిల్ల లేస్తుందని తియ్యలేదు. పిన్ని పక్కింటికి పోగానే మెల్లగా తీసి, గీత గీసి, మళ్ళీ గడియ పెట్టుకుని పిల్ల పక్కనే పడుకుంది. నేను నేర్పిన పాఠమే కదా. బడి మెట్ల దగ్గర పిన్ని నిలబడి గడపల లెక్కన మనుషుల్ని లెక్కపెడుతోంది. నేను పోయి 'మా ఆవిడేది పిన్నీ' అన్నాను. అదేదో ఆవిడ తప్పైనట్టు అడిగాను చూడు! ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఎందుకో తెలుసా? మా తలుపు గుర్తు తెచ్చుకుంటోంది. 'నీ తలుపు మీది గీత కుడికి వాలి ఉంది. అది నాది కాదు' అంది. ఎడంచేతి మనిషి గీత ఎడమకి వాలుతుంది. హడావిడిలో చూసీ చూడకుండా పోయింది, ఇప్పుడు కళ్ళకి కట్టింది. నన్ను తిట్టినా బాగుండేది. గంట నా చేతిలో పెట్టి, 'ఇక్కడ నిలబడి మోగిస్తూ ఉండు, వచ్చేవాళ్ళకి దారి తెలుస్తుంది' అని తను దిగింది. నేను వస్తానంటే, 'నీకు ఈత రాదు, నాకు తెలుసు' అంది. రాదు. నిజమే. వీధిలో ఎవరికి ఈతొచ్చో ఎవరికి రాదో కూడా ఆవిడకి తెలుసు.

గంట కొడుతూ నిలబడ్డాను. ఎంతసేపంటే ఏం చెప్పను. చెయ్యి పడిపోయింది. మా వీధిలో మోకాలి లోతు అన్నారు, తర్వాత నడుం లోతు అన్నారు. అప్పుడు కనిపించారు. పిల్లని బట్టల బుట్టలో పెట్టి నెత్తిన పెట్టుకుని పిన్ని, ఆవిడ కొంగు పట్టుకుని మా ఆవిడ. పిల్ల నిద్రపోతూనే ఉంది! జ్వరం కూడా దిగింది. అదే మా పెద్దది. దాని మనవరాలు మొన్న మీ ఆఫీసుకొచ్చి పుట్టిన తేదీ కాగితం పట్టుకుపోయింది, నువ్వే ఇచ్చావ్. అందరం గోల, ఏడుపులు, నవ్వులు. హెడ్మాస్టరు ఏకంగా చప్పట్లు కొట్టాడు. పిన్ని కొంగు పిండుకుంటూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. నూట పది గడపలూ వచ్చాయి. 'అందరూ వచ్చారు' అంది. అని, అలాగే ఆగిపోయింది.

ఆవిడ ఇల్లు ఆ నూట పదిలో లేదు. చాటింపు వేసే మనిషి ఇంటికి వేరే ఎవరు చెబుతారు? ఆఫీసు వాళ్ళు రాయలేదు, ఆవిడా రాసుకోలేదు. దగ్గరే కదా, లెక్క అయ్యాక చివర్న పోయి లేపుకొద్దాం అనుకుందిట. ఆ చివర్న ఉన్న కాస్త సమయం మా ఇంటికి అయిపోయింది. ఇంకెవరైనా లేపి ఉంటారా అంటే, పిన్ని మొగుడికి పిన్ని చెప్పదా అని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. అప్పటికి ఆ సందు మునిగింది. నలుగురు పట్టుకుంటేగానీ ఆవిడ ఆగలేదు. మర్నాడు నీళ్ళు తీశాక దొరికాడు. మంచం మీదే. చెవుల్లో దూది అలాగే ఉంది.

పదిహేను రోజులకి మళ్ళీ గంట వినబడింది. నీళ్ళు కాచి తాగాలని కబురు. నేను చూశానమ్మాయ్, ఇదిగో ఈ కిటికీలోంచే చూశాను. ముందు తన ఇంటికి పోయింది. తలుపుకి తాళం వేసే ఉంది. ఆ తాళం ముందు నిలబడి గంట కొట్టింది. కబురంతా చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా. కాసేపు ఆగింది. మనం ఒప్పజెప్పేటప్పుడు ఎంతసేపు ఆగేదో అంతసేపూ ఆగింది. గీత గీసింది. అప్పుడు మా వీధికొచ్చింది. ఉద్యోగంలో ఇంకా ఉన్న పదకొండేళ్ళూ అంతే, మొదటి గడప అదే. ఆ తర్వాత మా వీధిలో సుద్దముక్క ముట్టుకున్నవాడు లేడు. తలుపు కొట్టకముందే బయట నిలబడేవాళ్ళం. నేనైతే... నా దగ్గరికొచ్చి 'విన్నది చెప్పు' అంటే..."

ఆయన కిటికీ వైపు చూశాడు. అవతల నీళ్ళ ట్యాంకు, వాన.

"ఆ మూడో స్తంభం దీపం సంగతి రాసుకున్నావా, లేదా?" అన్నాడు.

ఆమె రాసుకోలేదు. గోడ గడియారం మూడూ యాభై. గ్రూపు తెరిచి పేర్లు పై నుంచి కిందికి చూసింది. నూట నలభై ఇళ్ళు. తనది లేదు.

పెద్దమ్మాయికి ఫోను చేసింది.

"ఎక్కడున్నావ్?"

"స్టాండ్‌లోంచి బండి తీస్తున్నానమ్మా. తర్వాత చెయ్యనా, తడుస్తున్నాను."

"వంతెన దారిన రావద్దు. నీళ్ళొస్తున్నాయి. పై రోడ్డున రా."

"సరే, సరే."

"సరే కాదు. విన్నది చెప్పు."

"అమ్మా!"

"చెప్పు."

"వంతెన ఎక్కను. పై రోడ్డున వస్తాను. చాలా?"

చాలు అంది. ప్రెస్సుకి చేసింది. మిషన్ల రొద. ఆయనకి మూడుసార్లు చెప్పింది. "నీ గ్రూపులో నేనెప్పుడున్నానే?" అన్నాడాయన. అయినా అప్పజెప్పాడు. ఇంటికి చేసింది. అత్తగారు తీసింది. చిన్నమ్మాయి బడి నుంచి వచ్చేసిందిట, పక్కనే ఉందిట.

గట్టు వీధిలో పద్దెనిమిది ఇళ్ళు. పద్దెనిమిదింటికీ బొటనవేళ్ళు ఉన్నాయి; పెట్టని తొమ్మిదీ ఎగువ వీధులవి. ఆమె రెయిన్‌కోటు తీసుకుని లేచింది. టైలరు బాబాయి కూడా లేచాడు. "నాకు ఈత ఇప్పటికీ రాదు. గొడుగు పడతాను, పద" అన్నాడు.

పదిహేను ఇళ్ళకి అప్పటికే తాళాలు. మూడు తలుపులు తెరుచుకున్నాయి. రెండిళ్ళవాళ్ళు చక్కగా అప్పజెప్పి మూటలు చూపించారు. చివరి ఇంట్లో బట్టలు ఉతికే ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "వేలు పెట్టానుగా మేడమ్! ఏం రాశారేంటి?" అంది.

అయిదింటికి గేట్లు ఎత్తారు. అప్పటికి ఆ వీధిలో ఎవరూ లేరు. చిన్న వంతెన అయిదుంబావుకి మునిగింది.

ఆరుంబావుకి ఆమె పై రోడ్డున ఇల్లు చేరింది. వాన సన్నబడింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. లోపల దీపం కింద అత్తగారు. ఆవిడని ఆనుకుని చిన్నమ్మాయి. పెద్దమ్మాయి తువ్వాలుతో తల తుడుచుకుంటోంది. ఆయన తడి చొక్కా కుర్చీ మీద ఉంది. మనిషి కనబడలేదు. వంటింట్లోంచి దగ్గు వినబడింది. నాలుగు.

"ఏంటమ్మా అలా నిలబడ్డావ్?" అంది పెద్దమ్మాయి.

ఆమె మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. నాలుగు.