మావగారి దగ్గు

తిరపతమ్మని ఆ ఇంటికి కోడలిగా తెచ్చి అప్పటికి మూణ్ణెల్లు కాలేదంట. చీకటితో లేచి ఊడ్చి, నీళ్ళు మోసి, మజ్జిగ చిలికి, వంట చేసి కూకుంటే ఆకలెయ్యదా మరి? ఆ ఇంటి పద్ధతేందంటే, మగోళ్ళు తిన్నాక అత్త, అత్త తిన్నాక కోడలు. అత్తా, మావా, మొగుడూ ముగ్గురూ పొలం నించి తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటేది. అత్త ఆదెమ్మ మొదటి వారంలోనే అనేసింది, ముందు తినే కోడలు మా ఇంటా వంటా లేదే అమ్మా, అట్టాంటిదాన్ని ఆ పూటే పుట్టింట్లో దింపొస్తా అని. అందుకని ఈ పిల్ల ఏం చేసేదంటే, తలుపు చాటున కూకుని చద్దన్నంలో ఇంత పచ్చడేసుకుని గబగబా మింగేది. దొంగతిండే అనుకో. ఆకలికి సిగ్గేంది?

మావ నాంచారయ్య సందు మలుపు తిరగ్గానే దగ్గేవోడంట. కోడలున్న ఇంటికి మావ దగ్గి రావాలి గదా, అది మర్యాద. ఒక్క దగ్గు చాలు. ఈయన మాత్రం ఇల్లు చేరేదాకా ఖళ్ళు ఖళ్ళుమని దగ్గుడే దగ్గుడు. ఆలోపల ఈ పిల్ల గిన్నె కడిగి, మూతి తుడుచుకుని నిలబడేది. ఏమైందంటే, ఆదెమ్మకి బెంగ పట్టుకుంది. చేలో మింగిన దుమ్మంతా దారిలో దగ్గయి తేలతంది, మడిసి దక్కడు అని అడ్డసరం ఆకు తెచ్చి కషాయం పెట్టించింది. కాచేదెవరు, కోడలే. ఆ చేదు పగోడిక్కూడా వద్దు. పూటకో గ్లాసు, తగ్గలేదని రెండు గ్లాసులు. పాపం కళ్ళు మూసుకుని తాగేవోడు, మర్నాడు మలుపులో మళ్ళీ దగ్గేవోడు.

పిల్లకి అనుమానమొచ్చింది. ఇంట్లో ఉన్నంతసేపూ ఈయనకి దగ్గు లేదు. మొగుణ్ణడిగితే చేలోనూ లేదన్నాడు. మరి ఆ సందులోనే ఎందుకంట? అప్పుడు తెలిసింది దానికి. కషాయం గ్లాసు చేతిలో పెట్టుకుని పొయ్యి కాడ కూకుని ఏడ్చిందంట.

మర్నాడు ముగ్గురూ వచ్చేసరికి నట్టింట్లో కంచం ముందేసుకుని తింటా ఉంది.

"ఆకలేసింది అత్తా, తింటన్నా. రోజూ తింటన్నా, దొంగతనంగా. దింపొస్తే దింపిరా. మావకి మాత్రం ఇంక కషాయం కాయను, ఆయనకి దగ్గు లేదు" అంది.

ఆదెమ్మ మొగుడి వంక చూసింది. ఆయన దూలాల వంక చూస్తన్నాడు. అప్పుడంది ఆదెమ్మ, "మా మావ ఒక్క దగ్గే దగ్గేవోడే. కంచం దాచుకునేలోపే గుమ్మంలో ఉండేవోడు" అని, కోడలి పక్కన చతికిలబడి తనకీ ఒక కంచం పెట్టమంది.

ఆనాటి నించి ఆ ఇంట్లో ఎవరికి ఆకలేస్తే వాళ్ళు ముందు. అంతా బానే ఉంది గానీ, కాచిన కషాయం ఇంకా రెండు గ్లాసులు మిగిలిందంట. పారబొయ్యటం దేనికి, దొంగదగ్గుకి ఇదే మందు అని ఆదెమ్మ దగ్గరుండి ఆయన చేతే తాగించింది.