కరిగిన మందు

మంచు తుపానుకి మినెసోటా పల్లెలో కరెంటు పోయింది, దారులు మూసుకుపోయాయి. ఫ్రిజ్ ఆగిందని తండ్రి ప్రతి చలికాలంలాగే పాలూ మాంసమూ వరండాలో పెట్టాడు. వాటితో పాటే కూతురి ఇన్సులిన్ కూడా. తెల్లారేసరికి అది గడ్డకట్టింది. సీసాని గుప్పిట్లో పెట్టుకుని కరిగించి, భార్యకి చూపించాడు.

“చూడు, మామూలుగా అయిపోయింది. ఎక్కించెయ్యి.”

“పనికిరాదు. అడుగున తెల్లటి పలుకులు కనబడట్లేదూ?”

“ఊపితే కలిసిపోతాయి. పొయ్యి మీద మంచు కరిగించుకుని మనం తాగట్లేదూ?”

“మంచు కరిగితే నీళ్లే. ఇది విరిగిపోయింది. ఉడికిన గుడ్డు చల్లారితే మళ్లీ పచ్చిగుడ్డవుతుందా?”

“చల్లగా ఉంచాలని నువ్వేగా అన్నావు.”

“చల్లగా ఉంచమన్నాను. గడ్డకట్టించమన్నానా?”

“ఇంకో సీసా ఉండాలిగా?”

“అదీ వరండాలోనే పెట్టావు.”

“అంబులెన్స్ వాళ్లు?”

“దారిలో మంచు తీస్తేగానీ రాలేమన్నారు. దానికేమో షుగర్ పెరిగిపోతోంది, రాత్రి నుంచీ ఒకటే దాహం.”

“సగమైనా పనిచెయ్యదూ? ఒక్కసారి ఎక్కించి చూద్దాం.”

లోపలి గదిలోంచి పిల్ల గొంతు నీరసంగా వినిపించింది.

“అమ్మా, నీళ్లు.”

ఆమె పొయ్యి మీది గిన్నె వైపు చూసింది.

“అవి పట్టుకెళ్లు. అవైతే గడ్డకట్టి కరిగినా నీళ్లే.”