ఇద్దరు రబ్బీలు, ఒకే విస్కీ

అన్యాయం జరిగింది జెలిక్ క్రావెట్జ్‌కి, యాభై ఏడులో. ఆ ఫొటోలో రబ్బీలిద్దరి మధ్యా టోపీ చేత్తో పట్టుకుని నుంచున్నాడే, ఆయనే. కూర్చో అమ్మాయీ, ఆ కుర్చీ కాదు, దాని కాలు విరిగింది. స్టేషనుకెదురుగా హోటలు ఆయనది, లెక్కలు రాసేదాన్ని నేను. మా యూదుల మందిరానికి చాలా ఏళ్ళు అధ్యక్షుడు. మంచివాడని అనను. పిసినారి, చెప్పిందే చెప్పేవాడు, టీ సాసర్లో పోసుకుని వీధికి వినపడేట్టు జుర్రేవాడు. కానీ ఆ ఏడు ఊళ్ళో బుర్ర వాడిన మగాడు ఆయనొక్కడే. తక్కినవాళ్ళు గడ్డాలు పెంచారు, అంతే.

ముసలి రబ్బీ ఓషర్ గారు లిథువేనియాలో ఓడెక్కి తిన్నగా దక్షిణాఫ్రికాలో మా కరూ ఎడారి దుమ్ములోకి వచ్చిపడ్డాడు. ఊళ్ళో సగంమందికి పెళ్ళి చేశాడు, సగంమందిని పాతిపెట్టాడు. చివరికి చూపు తగ్గింది, శనివారం ప్రసంగం మొదలెట్టి మధ్యలో దారి తప్పేవాడు. ఇక విశ్రాంతి తీసుకోమని జెలిక్కే జొహానెస్‌బర్గ్ నుంచి హెల్లర్ అనే కుర్ర రబ్బీని తెచ్చాడు, పస్కా పండక్కి నెల ముందు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. మా ఊళ్ళో బూట్లు మెరవడమంటే మనిషి ఇంకా దిగలేదనే అర్థం. ఓషర్ గారు మాత్రం రోజూ వచ్చి రబ్బీ కుర్చీలోనే కూర్చునేవాడు. లెమ్మనే దమ్ము ఎవరికుంది? కుర్రాయన పక్కన నుంచునేవాడు.

మీ ఇంట్లో ఇవన్నీ మానేశారని మీ అమ్మే చెప్పింది, కాబట్టి విను. పస్కా ఎనిమిది రోజులూ పులిసినదేదీ, విస్కీతో సహా, యూదుడి సొత్తుగా ఉండకూడదు. ఉంటే పండగయ్యాక కూడా పనికిరాదు, పారబొయ్యాల్సిందే. అందుకని సంతకం పెట్టి రబ్బీకి అధికారమిస్తాం, ఆయన అందరిదీ కలిపి పరాయి మతం వాడికి అమ్మేస్తాడు, పండగ కాగానే తిరిగి కొనేస్తాడు. ఆ ఏడు మన వీరులేం చేశారో తెలుసా? ముసలాయన మనసు నొచ్చుకుంటుందని ఆయన దగ్గరో సంతకం, కుర్రాయనకి కోపమొస్తుందని ఈయన దగ్గరో సంతకం. ఒక్కడు కూడా నోరు విప్పలేదు. పండగ ముందు పొద్దున్నే ముసలాయన మాట్లాడుకున్న స్టేషను మాస్టరూ, కుర్రాయన మాట్లాడుకున్న కేఫ్ నడిపే గ్రీకువాడూ, కొనేవాళ్ళిద్దరూ హోటలుకొచ్చి, "మా సీసాలు చూపించండి" అని నవ్వుతుంటే అప్పుడు తెలిసింది జెలిక్‌కి. ఇంకా ఏ రబ్బీ అమ్మలేదు, మధ్యాహ్నం లోపల అమ్మాలి.

హెల్లర్‌ని ఆఫీసు గదిలోకి పిలిచాడు. నేను పద్దులు రాస్తూ అక్కడే ఉన్నాను, నన్నెవరూ మనిషి కింద లెక్కవేయలేదు.

"ఇప్పుడు రబ్బీని నేనండీ," అన్నాడు కుర్రాయన.

"మీరే బాబూ, కాదన్నదెవరు? ఆయన అమ్మితే మీరు సున్నా, మీరు అమ్మితే ఆయన సున్నా. రాత్రికి మగాళ్ళు రెండు ముక్కలు. పధ్నాలుగు మందిని రెండు చేస్తే ఎంతండీ? నేను బళ్ళోకి వెళ్ళలేదు."

"ఏడు."

"పదిమంది మగాళ్ళు లేందే ప్రార్థన లేదు కదా. ఏడుగురితో ఏం చేస్తారు, పేకాడతారా?" జెలిక్ ఇంకో సాసరు టీ జుర్రాడు. "మీ ఇంట్లో పులిసినదేమైనా ఉందా?"

"మా మామగారిచ్చిన విస్కీ, ఒక్క సీసా."

"వెళ్ళి ఓషర్ గారినే అమ్మిపెట్టమనండి. మీ దగ్గరున్న సంతకాలు దారిలో మా పొయ్యిలో పడెయ్యండి."

"కమిటీ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది," అన్నాడు జెలిక్. కమిటీకి తెలిస్తేగా!

కొన్నవాడికి అప్పగించాల్సిన హోటలు తాళాలగుత్తి మొయ్యడానికి నన్నూ లాక్కెళ్ళాడు. ఆడదాని సాక్ష్యం చెల్లదుట, భుజం మాత్రం చెల్లుతుంది. ఓషర్ గారు వంటింట్లో ఉన్నాడు. హెల్లర్ సంతకం పెట్టిన కాగితం ముక్కుకి ఆనించుకుని చూశాడు, చాలాసేపు చూశాడు. జెలిక్ టోపీ నలిపేస్తున్నాడు.

"హెల్లర్... ఊరికి కొత్తా అబ్బాయీ?"

"కొత్తేనండీ."

"అయితే కూర్చో, ఇదెలా చెయ్యాలో చూద్దువుగాని. వచ్చే ఏడు నాది నువ్వు అమ్మాలిగా."

ఆ సాయంత్రం ఓషర్ గారు మందిరానికొచ్చి, రబ్బీ కుర్చీ దాటి, వెనక వరసలో కూర్చున్నాడు. అంతే, ఊరికి రబ్బీ మారిపోయాడు. ఒక్కడూ వెళ్ళిపోలేదు, ఒక్క సీసా పారబొయ్యలేదు.

మరి దండ వేశారా జెలిక్‌కి? పండగ కాగానే కమిటీ మగాళ్ళందర్నీ మందిరంలో కూర్చోబెట్టింది. "కొత్తవాణ్ణి తెచ్చి మా ఓషర్ గారిని కుర్చీలోంచి లేపేశాడు," అని కొందరు. "మా రబ్బీని ముసలాయన ముందు చేతులు కట్టుకుని నిలబెట్టాడు, పైగా మా పేరు చెప్పి అబద్ధమాడాడు," అని కొందరు. నెల రోజులుగా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని మగాళ్ళు ఆ రోజు ఒకే మాట మీద నిలబడ్డారు. రబ్బీలిద్దరూ బల్ల చివర కూర్చుని గోళ్ళు చూసుకున్నారు. జెలిక్‌ని అధ్యక్ష పదవిలోంచి తొలగించాలన్నవాళ్ళు చేతులెత్తమంటే మేడ మీద ఆడవాళ్ళ వరసలోంచి నేను లెక్కపెట్టాను. పధ్నాలుగు, ఏడూ ఏడూ కాదు. జెలిక్ చెయ్యి కూడా పైకే ఉంది.

ఎందుకెత్తాడని నన్నడక్కు. రాసుకుంటానన్నావుగా, తేదీ రాసుకో. ఆదివారం, ఏప్రిల్ ఇరవై ఎనిమిది, పంతొమ్మిది వందల యాభై ఏడు.